పంచదార పడితే తోడు బద్ధకిస్తుంది

ముప్ఫై ఏళ్లుగా రోజూ రాత్రి పాలు తోడు పెడుతున్నదాన్ని. అలాంటి నన్ను పోయిన నెలలో ఒక పిడతెడు పెరుగు రెండుసార్లు ఓడించింది.

సీతమ్మధారలో మా పై వాటాలో ఉండే బెంగాలీ అమ్మాయి పుట్టింటి నుంచి వస్తూ, హౌరా దగ్గర రైలెక్కింది మొదలు ఒడిలోంచి దించకుండా ఒక మట్టి పిడత తెచ్చి నా చేతిలో పెట్టింది. మిష్టి దోయి, అంటే బెంగాలీల తీపి పెరుగు. లేత ఇటుక రంగు. చెంచా దించితే కోసినట్టు తెగింది, ఆ గుంటలో చుక్క నీరు ఊరలేదు. "పెరుగులో పంచదార ఏమిటమ్మా, మరి ఆవకాయ దేనిలో నంచుకుంటారు వాళ్లు?" అన్నారు మా అత్తయ్యగారు.

పాలు, పంచదార, తోడు. అంతే కదా అనుకున్నాను. కాచిన పాలలో పంచదార కలిపి, ఎప్పటిలాగే అర చెంచా తోడు వేసి స్టీలు గిన్నెలో పెట్టాను. విశాఖ ఉక్కపోతకు మా ఇంట్లో పెరుగు నాలుగైదు గంటల్లో తోడుకుంటుంది. ఇది మాత్రం తెల్లారినా పాలలాగే ఉంది. పై వాటా అమ్మాయి నవ్వి, పంచదార పడితే తోడు బద్ధకిస్తుందనీ, తోడూ సమయమూ రెండూ ఎక్కువ కావాలనీ చెప్పింది.

రెండోసారి రంగు కోసం పంచదార మాడ్చాను. మాడ్చడం కాదు, మసి చేశాను. పాలు పోయగానే చిమ్మింది, పాకం రాయిలా బిగుసుకుంది, రుచి చూస్తే చేదు. బెంగాల్లోని నవద్వీపంలో చేసే ఎర్ర పెరుగుకు ఈ బాధ లేదట. పాలనే గంటల తరబడి సన్నని సెగ మీద మరిగించి ఎర్రబారనిస్తారు. మా ఇంట్లో సిలిండరు ఆ భోగానికి చాలదు.

మూడోసారి రైతుబజారు బయట కుండలమ్మే ఆవిడ దగ్గర రెండు పిడతలు కొని రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాను. లీటరు గేదె పాలు అడుగంటకుండా కలుపుతూ సగానికి కాస్త పైన ఉండేదాకా మరిగించాను. 100 గ్రాముల పంచదారలో మూడు చెంచాలు విడిగా, నీళ్లు పోయకుండా మందపాటి గిన్నెలో కరిగించాను. తేనె రంగు దాటి ఎర్రబడగానే, పొగ రాకముందే, వేడి పాలు కొద్దికొద్దిగా పోశాను. మళ్లీ గడ్డకట్టింది. ఈసారి గరిటెతో పొడవకుండా సన్నని సెగ మీద వదిలేస్తే దానంతట అదే కరిగింది. మిగతా పంచదార వేసి దించాను.

వేలు పెట్టి పది లెక్కపెట్టగలిగేంత గోరువెచ్చగా అయ్యాక, గుడ్డలో వేలాడదీసిన గట్టి పెరుగు రెండు చెంచాలు చిలికి కలిపి, నురగ లేకుండా పిడతల్లో పోశాను. కాల్చిన మట్టి పెరుగులోని నీటిని పీల్చుకుంటుంది. స్టీలు గిన్నెలో ఆ గట్టిదనం రాకపోవడానికి కారణం అదే. పాత తువ్వాలు కప్పి బియ్యం డబ్బా పక్కన మూల చూసి పెట్టాను. కదపకూడదు, మూత తీయకూడదు. రోజూ అర్ధరాత్రి లేచి పెరుగు తోడుకుందో లేదో గిన్నె వంచి చూసే అలవాటున్న నాకు అదే పెద్ద శిక్ష. తొమ్మిది గంటలు ఓర్చుకుని, ఆ తరవాత ఫ్రిజ్‌లో పెట్టాను.

పై వాటా అమ్మాయి వచ్చి, ఏమీ చెప్పకుండా పిడతను తలకిందులు చేసింది. నా గుండె జారింది కానీ పెరుగు జారలేదు. ఒక చెంచా తిని, "రంగు ఒక్క పిసరు తక్కువ, దీదీ" అంది. అయినా సగం పిడత ఖాళీ చేసే వెళ్లింది.

ఖాళీ అయిన పిడతను కడిగి బోర్లించాను. మర్నాడు చూస్తే అందులో అత్తయ్యగారు మామూలు పాలు తోడు పెట్టుకున్నారు. రాయిలా తోడుకుంది. పక్కన ఆవకాయ జాడీ కూడా సిద్ధంగా ఉంది.