పాపకు ఎందుకు వినపడదు? కారణం తెలుసుకోవడానికి మేం తిరిగిన దారి

మా పాపకు రెండు చెవులూ వినపడవని బెంగళూరులో బెరా పరీక్షలో తేలింది. పిల్లను నిద్రపుచ్చి, తలకు ఎలక్ట్రోడ్లు అంటించి, శబ్దానికి వినికిడి నరం ఎలా స్పందిస్తుందో చూస్తారు. ఎంత వినపడదో దాంతో తెలుస్తుంది కానీ, ఎందుకో తెలియదు.

హిందూపురంలో మా అత్తయ్య మాత్రం గ్రహణం రోజు నేను బయటికి రావడం వల్లేనంది. మాది మేనరికం. అత్తయ్య మా నాన్నకు సొంత చెల్లెలు. ఆమె నోట ఆ మాట విని చాలా ఏడ్చాను.

జన్యు సమస్యల గురించి వివరించే జెనెటిక్ కౌన్సెలర్‌ది చిత్తూరు వైపు, తెలుగులోనే మాట్లాడారు. కడుపుతో ఉన్నప్పుడు జ్వరం, దద్దుర్లు వచ్చాయా? అది రుబెల్లా అనే వైరస్ గురించి. నెలలు నిండకుండా పుట్టిందా? కామెర్లు బాగా పెరిగాయా? ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చారా? మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్ వచ్చిందా? ఇవన్నీ వినికిడిని దెబ్బతీసేవే. కాన్పు నాటి డిశ్చార్జ్ సమ్మరీ దాచి ఉంచాను కాబట్టి సరిపోయింది, దయచేసి మీరూ పారేయకండి. సీఎంవీ అనే వైరస్ సంగతి మాత్రం తేల్చలేకపోయారు. పుట్టిన మూడు వారాల్లోపు మూత్రమో లాలాజలమో పరీక్షిస్తేనే అది కడుపులో సోకిందని గట్టిగా చెప్పగలరట.

తర్వాత కళ్ల పరీక్ష, ఈసీజీ రాశారు. చెవికి గుండెకు ఏం సంబంధమని టెన్షన్ పడ్డాం. పుట్టు చెవుడుతో పాటు గుండె లయ తప్పే జబ్బు ఒకటుంది. చాలా అరుదు, అయినా ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేముందు అది లేదని చూసుకోవాలి. మా పాపకు లేదు.

చివరికి రక్తపరీక్షలో దొరికింది. జీజేబీ2 అనే జన్యువులో మార్పు. లోపలి చెవిలో కనెక్సిన్ 26 అనే ప్రొటీన్ తయారుచేసేది ఆ జన్యువే. అది ప్రతి ఒక్కరిలో రెండు కాపీలు ఉంటుంది, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. నాలో ఒక కాపీ, మా ఆయనలో ఒక కాపీ చెడింది. రెండోది బాగుంది కాబట్టి మాకిద్దరికీ వినపడుతుంది. పాపకు చెడినవి రెండూ వచ్చాయి. పుట్టుకతో వినికిడి లేని పిల్లల్లో సగం మందికి పైగా జన్యువులే కారణమట. మేనరికం కాని ఇళ్లలోనూ ఇది వస్తుంది. మా ఇంట్లో మాత్రం తాతయ్య నుంచో నానమ్మ నుంచో మా నాన్నకూ, అత్తయ్యకూ వచ్చి ఉంటుందని కాగితం మీద గీసి చూపించారు. అత్తయ్య ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. గ్రహణం మాట మళ్లీ ఎత్తలేదు.

ఈ జన్యువు వల్లయితే నరం మామూలుగా బాగానే ఉంటుంది, ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ పరికరం బాగా పనిచేస్తుందన్నారు. స్కాన్‌లోనూ నరం బాగానే ఉంది. ఆపరేషన్‌కు పేరు రాయించాం. ఇంకో బిడ్డ అనుకుంటే ప్రతి కాన్పులోనూ ఇలాగే వినపడని బిడ్డ పుట్టేందుకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది, దాని గురించి తర్వాత ఆలోచిస్తాం.

ఈలోగా మా ఆడపడుచును మా తమ్ముడికి ఇచ్చి కుండమార్పిడి చేద్దామన్న మాట నడుస్తోంది. రిపోర్టు కాపీ నాన్న చేతిలో పెట్టి, ముహూర్తం పెట్టకముందే ఇద్దరికీ అదే పరీక్ష చేయించమన్నాను. వచ్చే వారం ఇద్దరూ బెంగళూరు వస్తున్నారు.