చలి నీళ్లలో స్మాల్‌మౌత్ కోసం

టెనెస్సీ, కెంటకీ సరిహద్దులోని డేల్ హాలో సరస్సుకి జనవరిలో వెళ్లడమంటే నాకు ప్రాణం. 1955లో 11 పౌండ్ల 15 ఔన్సుల స్మాల్‌మౌత్ బాస్ చేప గాలానికి పడింది ఇక్కడే.

నీళ్లు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లబడితే ఈ చేప ఎర వెంట పరిగెత్తదు. చలికి సొమ్మసిల్లి నీళ్ల మధ్యలో వేలాడే షాడ్ అనే చిన్న చేపల్నే తింటుంది. మన ఫ్లై, అంటే చేత్తో కట్టిన ఉత్తుత్తి ఎర, కూడా అలాగే కనిపించాలి. అందుకే ఈకలో, మెత్తటి వెంట్రుకలో కట్టిన బుల్లి జిగ్ (తల దగ్గర బరువున్న కొక్కెం), దానికి 8 నుంచి 12 అడుగుల పైన, నీళ్ల మీద తేలే బెండు. అంత దారం వేలాడుతుంటే మామూలు గాలపు రాడ్‌తో విసరడం కష్టం. 9 అడుగులు దాటిన, బాగా వంగే రాడ్ కావాలి. నేను ఎక్కువ సమయం పెట్టేది మాత్రం ముడి మీదే. ముడి కొక్కెం కంటికి, అంటే దారం కట్టే రంధ్రానికి, నడిమధ్యన ఉంటేనే జిగ్ చేపలా అడ్డంగా నిలుస్తుంది. వేళ్లు కొంకర్లు పోతున్నా విసిరిన ప్రతిసారీ చూసుకుంటాను.

తర్వాత రాడ్ కొసని సన్నగా వణికించడం, ఆగడం. చిన్న అలలుంటే ఇంకా మంచిది, బెండే జిగ్‌ని ఆడిస్తుంది. బెండు మునగాలనే రూలేమీ లేదు. పక్కకి ఒరిగిందంటే చేప జిగ్‌ని నోట పట్టి పైకి లేచినట్టే. వెంటనే లాగాలి!