గుండె లెక్క, మణికట్టు లెక్క

పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు మాత్రం నాని మెసేజ్ బుర్రలో తిరుగుతూనే ఉంది. “పిన్నీ, రేపు పొద్దున నేను రాను. వాచీ 72 గంటలు రెస్ట్ తీసుకోమంటోంది.” కింద గండిపేట సైకిల్ రైడ్‌లో వాచీ గీసిన గుండె వేగం గ్రాఫ్ కూడా పెట్టాడు. కాళ్ల నొప్పులు లేవట, నిద్ర బాగానే పట్టిందట, ఆకలి మామూలేనట. అయినా వాచీ చెప్పింది కాబట్టి రాడు. నా కోపం వాడి మీద కాదు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు తన ఒంటిని వదిలేసి తెర మీది అంకెను నమ్మడం నేర్చుకుంటున్నాడే, అదీ బాధ.

గ్రాఫ్ తెరిచి చూశాను. డౌన్‌లో, పెడల్ తొక్కని చోట, గుండె 168 దగ్గర అలాగే ఆగిపోయి ఉంది. బతికున్న గుండె అలా కొట్టదు. ఒకటో రెండో పైకీ కిందికీ కదులుతూనే ఉంటుంది, తొక్కడం ఆపితే కాసేపట్లోనే దిగడం మొదలుపెడుతుంది. ఇలా కదలని గీత కనిపించిందంటే చాలాసార్లు సెన్సర్‌కి సంకేతం అందక, సాఫ్ట్‌వేర్ పాత అంకెనే లాక్కొచ్చిందని అర్థం.

అందకపోవడానికి కారణం ఉంది. మణికట్టు వాచీ వెనక పచ్చ ఎల్‌ఈడీలుంటాయి, వాటి పక్కన వెలుతురును కొలిచే డయోడ్ ఉంటుంది. రక్తం పచ్చ వెలుతురును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా చర్మం కింది సన్నటి నాళాల్లో రక్తం పెరుగుతుంది, తిరిగొచ్చే వెలుతురు ఆ మేరకు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెట్టడమే దాని పని. కుర్చీలో కూర్చున్నవాడికి బాగానే లెక్కపెడుతుంది. సైకిల్ మీద మణికట్టు వెనక్కి వంగి ఉంటుంది, ఒంటి బరువు అరచేతుల మీద పడుతుంది, బ్రేకు గట్టిగా నొక్కితే ముంజేతి కండరాలు బిగుసుకుని వాచీని చర్మం నుంచి పైకి లేపుతాయి. దానికి తోడు మన రోడ్ల గతుకులు హ్యాండిల్ గుండా చేతికి ఎక్కుతూనే ఉంటాయి. ఆ అదురు కూడా డయోడ్‌కి వెలుతురు మార్పులాగే కనిపిస్తుంది. డిసెంబర్ తెల్లవారుజామున చలికి చేతి నాళాలు ముడుచుకుంటే అసలు సంకేతమే పలచబడిపోతుంది.

దీన్ని కొంత సరిచేయొచ్చు. మణికట్టు ఎముక మీద కాదు, దానికి రెండు వేళ్లు పైన కట్టుకోవాలి. గాజులా జారుతూ ఉంటే కింద నుంచి వెలుతురు దూరుతుంది. రైడ్ ముందు ఒక రంధ్రం బిగించి, దిగాక వదులు చేయాలి. బయల్దేరే ముందు ఐదు నిమిషాలు మెల్లగా తొక్కి ఒళ్లు వేడెక్కనివ్వాలి. అనుమానం వస్తే ఆగి, మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో గుణిస్తే చాలు. నిమిషం పాటు లెక్కపెడితే ఈలోపే గుండె నెమ్మదించేస్తుంది. ఆ అంకెకూ వాచీ అంకెకూ ఇరవై తేడా ఉంటే ఆ రైడ్ గుండె గ్రాఫ్‌ను పక్కన పెట్టేయాలి.

కానీ వాచీ పక్కన పెట్టదు కదా. నన్ను ఇంతసేపు మేల్కొలిపి కూర్చోబెట్టింది ఇదే. డౌన్‌లో వచ్చిన ఆ తప్పుడు 168 ముందు ‘జోన్ 4’లో పడింది, అంటే శ్రమను బట్టి గుండె వేగాన్ని విడగొట్టిన మెట్లలో కష్టమైనదాంట్లో. జోన్ 4 నిమిషాలు పెరిగాయి కాబట్టి ‘లోడ్’, అంటే ఒంటి మీద పడిన శ్రమ లెక్క, పెరిగింది. లోడ్ పెరిగింది కాబట్టి 72 గంటలు. కొలిచింది ఒక్కటే, అదీ తప్పు. మిగతావన్నీ దాని మీద కట్టిన లెక్కలు. చివర్లో వచ్చేసరికి అది డాక్టరు మాటంత ధీమాగా కనిపిస్తుంది.

ఇంకో పొరపాటు జోన్ల దగ్గరే ఉంది. వాడి వాచీలో గరిష్ఠ హృదయ స్పందన ఎవరూ ముట్టుకోలేదు, 220లోంచి వయసు తీసేసి 196 అని అదే రాసుకుంది. ఆ సూత్రం మందికి సగటు మాత్రమే. ఒకే వయసువాళ్లలో పదీ పన్నెండూ అటూ ఇటూ ఉండటం మామూలు. 2001లో వచ్చిన మరో సూత్రం వయసును 0.7తో గుణించి 208లోంచి తీసేయమంటుంది. నలభై ఏళ్లవాళ్లకి రెండూ 180 దగ్గరే కలుస్తాయి. ఇరవై నాలుగేళ్లవాడికి మొదటిది 196 అంటే రెండోది 191 అంటుంది. పైగా పరుగులో వచ్చే గరిష్ఠం సైకిల్ మీద చాలామందికి రాదు, ఐదో పదో తక్కువే. సూత్రాలు వదిలేసి అరగంట పరీక్ష పెట్టుకోవడం మంచిది. బాగా వేడెక్కాక, ట్రాఫిక్ లేని రోడ్డు మీద అరగంట చివరిదాకా నిలబెట్టుకోగలిగినంత గట్టిగా తొక్కాలి. చివరి ఇరవై నిమిషాల సగటు గుండె వేగం తీసుకుని, జోన్లు దాని నుంచి కట్టుకోవాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, చాలాకాలం తర్వాత మళ్లీ మొదలుపెట్టినవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దీని జోలికి వెళ్లకూడదు.

క్యాలరీల సంగతి ఇంకా చిరాకు. ఆదివారం రైడ్ అయ్యాక “900 ఖర్చయ్యాయి” అని చూసుకుని ఆ లెక్కన టిఫిన్ తింటారు. తొక్కే శక్తిని వాట్లలో కొలిచే పవర్ మీటర్ ఉంటే లెక్క తేలిక. 150 వాట్లు గంటసేపు తొక్కితే చక్రానికి చేరిన పని 540 కిలోజౌళ్లు. ఒక కిలోక్యాలరీ అంటే 4.184 కిలోజౌళ్లు. మన కండరాలు తిన్నదానిలో ఇంచుమించు నాలుగో వంతే పనిగా మారుస్తాయి, మిగతాదంతా వేడి. ఒకచోట ఇంచుమించు నాలుగుతో భాగించాలి, ఇంకోచోట నాలుగుతో గుణించాలి, ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి కిలోజౌళ్ల అంకెనే కిలోక్యాలరీలుగా చదువుకోవచ్చు, అంటే సుమారు 540. పవర్ మీటర్ లేని వాచీ గుండె వేగాన్ని చూసి ఊహిస్తుంది. మే నెలలో, 40 డిగ్రీలకు చేరే మన ఊళ్లో, చెమటకు నీరు పోయి రక్తం తగ్గితే ఒక్కో దెబ్బకు గుండె పంపే రక్తమూ తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి అదే వేగానికి పదో పదిహేనో దెబ్బలు ఎక్కువ కొడుతుంది. పని పెరగలేదు, వేడి పెరిగింది. వాచీ మాత్రం దాన్ని శ్రమ కింద రాసి క్యాలరీలు పెంచేస్తుంది. ఇక అడుగుల లెక్క సైకిల్‌వాళ్లకి పనికిరాదు. చేయి హ్యాండిల్ మీద కదలకుండా ఉంటే గంట తొక్కినా అడుగులు రావు, గతుకుల్లో రాకూడనివి వస్తాయి.

ఇవన్నీ తలుచుకుంటుంటే సైకిల్ వేగం, దూరం చూపించే పాత తీగ మీటర్ గుర్తొచ్చింది. దాని దగ్గర తీర్పులేమీ ఉండేవి కావు. ముందు చక్రం స్పోకుకి చిన్న అయస్కాంతం, ఫోర్కుకి సెన్సర్, లోపల రీడ్ స్విచ్. అయస్కాంతం దాటినప్పుడల్లా స్విచ్ కలుస్తుంది, ఒక చుట్టు. రెండింటి మధ్య ఖాళీ 5 మిల్లీమీటర్లకు మించకూడదు. వేగం సున్నా చూపిస్తే మొదట చూడాల్సింది అదే, పెద్ద గుంతలో పడ్డప్పుడు అయస్కాంతం స్పోకు చుట్టూ తిరిగి మొహం చాటేస్తుంది. తీగను బ్రేకు కేబుల్‌కి చుట్టుకుంటూ పైకి తెచ్చేటప్పుడు హ్యాండిల్ కింద కాస్త వదులు ఉంచాలి, లేదంటే మలుపు తిప్పిన ప్రతిసారీ లాగి లాగి అక్కడే తెగుతుంది. వానలో తడిస్తే మీటర్ విప్పి, కింది రెండు రాగి చుక్కలూ తుడిచి, కాస్త వాజలీన్ రాస్తే మళ్లీ పలుకుతుంది. చక్రం చుట్టుకొలత మనమే ఎక్కించాలి. 700×25 టైరైతే 2105 మిల్లీమీటర్లు, 28 అయితే 2136. టైరు మార్చి అంకె మార్చకపోతే వంద కిలోమీటర్లకి కిలోమీటరున్నర తేడా. పట్టికను నమ్మడం కంటే కొలుచుకోవడం మేలు. గాలి సరిగ్గా కొట్టి, వాల్వు నేలవైపు ఉన్నప్పుడు సుద్దతో గీత గీయాలి. సైకిల్ మీద కూర్చుని, ఎవరినైనా పట్టుకోమని, వాల్వు మళ్లీ కిందికొచ్చేదాకా నడిపి టేపు పెట్టాలి. మనిషి బరువుకి టైరు అణిగినప్పటి కొలతే అసలు కొలత.

పాతదని ముచ్చటపడి చెప్పడం లేదు, దీని అవసరం ఇవాళ్టికీ ఉంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్ 1న తెరిచిన సోలార్ సైకిల్ ట్రాక్ చూడండి. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5, తెరిచినప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు. ఎండ పడదు, బండ్లు రావు, నాకు ప్రాణం. కానీ తల మీద ఉక్కు ఫ్రేములు, సోలార్ పలకలు. ఉపగ్రహాల సంకేతాలు అసలే బలహీనం. పైనుంచి రావాల్సినవి ఆగిపోతే పక్కల నుంచి వచ్చేవీ, దేన్నో తగిలి తిరిగొచ్చేవీ మిగులుతాయి. అప్పుడు జీపీఎస్ గీత పక్కకు జరుగుతుంది, వేగం ఎగిరెగిరి పడుతుంది. మెట్రో వంతెన కిందా, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ టవర్ల మధ్యా ఇదే జరుగుతుంది. చక్రం మధ్యనుండే హబ్‌కి కట్టే స్పీడ్ సెన్సర్ ఉంటే ఈ బాధ లేదు, అది చుట్లే లెక్కపెడుతుంది. ఇప్పటివాటికి అయస్కాంతం కూడా అక్కర్లేదు. కొన్ని సైకిల్ మీటర్లు చుట్టుకొలతను జీపీఎస్ చూసి వాటంతటవే సరిచేసుకుంటాయి. కప్పు కింద తొక్కేవాళ్లు ఆ సెట్టింగ్ తీసేసి, కొలిచిన అంకె చేత్తో ఎక్కించాలి.

ఇంతవరకూ రాసి, సైకిల్ తొక్కేవాళ్లకి మణికట్టు వాచీ దండగ అని ముగిద్దామనుకున్నాను. చేయి ఆడలేదు.

గ్రాఫ్ మూసి నాని పంపిన మిగతా పేజీలు చూస్తుంటే, రాత్రి గుండె వేగం గీత కనబడింది. ఎంత శుభ్రంగా ఉందో! చేయి కదలదు, అదురు లేదు, దుప్పటి వెచ్చదనానికి నాళాలు తెరుచుకుని ఉంటాయి. సైకిల్ మీద తడబడిన సెన్సరే నిద్రలో దగ్గరదగ్గరగా సరైన లెక్క చెబుతోంది. అంటే దీనికి నిజమైన పని సైకిల్ దిగాక మొదలవుతుంది. రైడ్ చేసే గంటన్నర కోసం కొని, మిగతా ఇరవై రెండున్నర గంటలు చార్జర్ మీద పడేసేవాళ్లు దాన్ని తలకిందులుగా వాడుతున్నారు.

విశ్రాంతి గుండె వేగం వారం సగటు చూడాలి, ఒక్కరోజు అంకె కాదు. అంకెను పక్కవాళ్లతో పోల్చకూడదు, ఎవరి మామూలు వాళ్లదే. మన మామూలు కంటే ఏడెనిమిది దెబ్బలు పైకి లేస్తే ఏదో కారణం ఉంటుంది. నిద్ర చాలలేదు, నీళ్లు చాలలేదు, రాత్రి తాగారు, లేదా జ్వరం లోపల మొదలవుతోంది. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా ఇక్కడ ఇంటింటా డెంగీలు, వైరల్ జ్వరాలు. ఒళ్లు వెచ్చబడకముందే రాత్రి గుండె వేగం పెరగడం చాలాసార్లు కనిపిస్తుంది. జ్వరంతో గట్టిగా తొక్కితే గుండె కండరం వాచే ప్రమాదం ఉంది, ఆ పొద్దున సైకిల్ బయటికి తీయకపోవడమే మంచిది. కాబట్టి విశ్రాంతి తీసుకోమని వాచీ చెప్పడం తప్పు కాదు. ఆ మాట రైడ్ గ్రాఫ్ నుంచి వచ్చిందా, నిద్ర గ్రాఫ్ నుంచి వచ్చిందా అని చూడాలి. నాని నిద్ర గ్రాఫ్ మామూలుగానే ఉంది.

వేసవిలో రైడ్ గుండె వేగం కూడా పనికొస్తుంది, సరైన పట్టీ ఉంటే. ఒకే వేగంతో, ఒకే రోడ్డు మీద మొదటి సగం సగటునూ రెండో సగం సగటునూ పోల్చుకోవాలి. ఐదు శాతం దాటి పెరిగితే నీళ్లు తక్కువై ఉండొచ్చు, లేదా ఎండలో బయల్దేరి ఉండొచ్చు. ఏప్రిల్ వచ్చిందంటే ఐదింటికే రోడ్డెక్కమనేది అందుకే.

సరైన పట్టీ అంటే ఛాతీకి కట్టేది, గుండె విద్యుత్తును నేరుగా అందుకుంటుంది. 1980ల్లో ఫిన్లాండ్‌కు చెందిన పోలార్ తెచ్చిన పద్ధతే, ఇప్పటికీ దాన్ని మించింది రాలేదు. వేడి కాలంలో ఛాతీ పట్టీ చిరాకు అనుకునేవాళ్లకి ముంజేతి పైభాగాన కట్టే ఆప్టికల్ పట్టీ రెండో దారి. అదే పచ్చ వెలుతురైనా అక్కడ కండ ఎక్కువ, వంపు లేదు, అందుకే మణికట్టు కంటే నమ్మకం. నానిని ముందు పట్టీ కొనమంటాను, వాచీ రాత్రిళ్లకు ఉంచుకోమంటాను. పడిపోతే ఇంటికి కబురు పంపే సెట్టింగ్‌లో నాతో పాటు అక్క నంబర్ కూడా ఎక్కించాలి. ఆ కబురు చాలా వాచీల్లో ఫోన్ ద్వారానే వెళ్తుంది, ఫోన్‌లో డేటా ఆపేసి ఉంటే వెళ్లదు. గట్టి బ్రేకుకి కూడా ఒక్కోసారి మోగుతుంది, గడువు అయిపోయేలోపు రద్దు చేయడం ముందే నేర్చుకోవాలి. గడువులోపు ముగించాల్సిన దూరపు రైడ్‌ని బీఆర్‌ఎం అంటారు, 200 కిలోమీటర్లదానికి గడువు 13 గంటల 30 నిమిషాలు. ఎప్పుడూ వెలిగే తెర ఆపేయకపోతే చాలా వాచీలు అంతసేపు జీపీఎస్‌తో నిలబడవు.

పట్టీకి పోషణ కూడా చెప్పాలి వాడికి. కట్టుకునే ముందు లోపలి రబ్బరు ముక్కల్ని నీళ్లతో తడపాలి, పొడిగా ఉంటే చెమట పట్టేదాకా పిచ్చి అంకెలు వస్తాయి. చలికాలం పొడిగాలిలో డౌన్‌లో జెర్సీ రెపరెపలాడి పుట్టే స్థిర విద్యుత్తుకి 190, 200 చూపిస్తుంది, జెర్సీ జిప్పు పైకి లాగితే ఆగిపోతుంది. ఇంటికొచ్చాక బ్యాటరీ ఉండే పాడ్ విప్పి, పట్టీని మంచినీళ్లలో జాడించి నీడలో ఆరేయాలి. తడి పట్టీకి పాడ్ అలాగే వదిలేస్తే అది ఇంకా ఛాతీ మీదే ఉన్నాననుకుని పనిచేస్తూనే ఉంటుంది, సీఆర్2032 బ్యాటరీ ముందే అయిపోతుంది. వాచీ చార్జింగ్ చుక్కల్ని పొడిగా తుడిచాకే చార్జర్‌కి పెట్టాలి, ఉప్పు చెమట మీద కరెంటు పారితే ఆ లోహం తుప్పు పట్టి నల్లబడుతుంది.