కొండకు కరెంటు బస్సు, తోటకు డీజిల్ ట్రాక్టరు

తిరుమలకు ఎలక్ట్రిక్ బస్సులు 2022లో వచ్చాయి. అమ్మకు ఘాట్ రోడ్డంటే డీజిల్ వాసన, వాంతుల టెన్షన్. మొన్న కరెంటు బస్సెక్కితే చప్పుడే లేక, అలిపిరి దాటాక కూడా "ఏంరా, ఇంకా స్టార్ట్ చేయలేదా?" అంది. దిగేటప్పుడు ఇంకా బాగుంటుంది. వేగం తగ్గించినప్పుడల్లా మోటారే జనరేటర్‌లా పనిచేసి కొంత కరెంటు బ్యాటరీకి తిరిగి పంపుతుంది.

మరి ఆ కరెంటు ఎక్కడిది? మన దేశంలో ఇప్పటికీ ఎక్కువ భాగం బొగ్గుదే. కడప జిల్లాలో, ముద్దనూరు దగ్గరున్న రాయలసీమ థర్మల్ కేంద్రం నడిచేదీ దానిమీదే. అయినా బస్సు దండగ అనను. డీజిల్ ఇంజన్‌లో సగానికి పైగా శక్తి ఉత్త వేడిగానే పోతుంది, పొగ సరేసరి.

అసలు చిక్కు మా చిత్తూరు తోటల్లో ఉంది. సీజన్ వస్తే తోతాపురి మామిడి లోడుతో ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రాత్రంతా బారులు తీరతాయి. "డీజిల్ మానెయ్ మామా" అంటే, "నువ్వు బ్యాటరీది కొనియ్యి అల్లుడా, రేపట్నుంచే తోలతా" అంటాడు. ఎగతాళే గానీ, లెక్క ఆయన పక్షానే ఉంది. 2025లో తోతాపురి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చింది. పాత ట్రాక్టరు అప్పే తీరనివాడు కొత్త అప్పు ఏ ధైర్యంతో చేస్తాడు?