ఫారంలో నాకొక గడి

ఇటలీలోని మా పార్మా ఊళ్ళో ఎండాకాలం వచ్చిందంటే మా ఆఫీసులో అందరి నోటా ఒకటే మాట, ట్యాక్స్ ఫారం. దాన్ని 730 అంటారు. యూనియన్ల వాళ్ళు నడిపే సహాయ కేంద్రానికి కాగితాలు పట్టుకెళ్తే వాళ్ళే నింపి పెడతారు. 2024లో నేను వెళ్ళినప్పుడు కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ, మెడలో చిన్న శిలువ, చివరి పేజీ దగ్గర ఆగి "మీరు హిందువులా?" అని అడిగారు. గుండె గుభేలుమంది. పరాయి దేశంలో, ప్రభుత్వ కాగితం ముందు కూర్చోబెట్టి మతం అడిగితే ఎవరికైనా అంతే కదా. ఆవిడ ఫారం నా వైపు తిప్పి ఒక గడి మీద వేలు పెట్టారు. "ఇక్కడ సంతకం చేయండి. చేయకపోతే మీ వాటాలో ఎక్కువ భాగం మా చర్చికే పోతుంది" అన్నారు. చర్చికి వెళ్ళే మనిషి ఆ మాట చెప్పాల్సిన అవసరం ఏముంది?

ఇక్కడ ఆదాయపు పన్నులో వెయ్యికి ఎనిమిది వంతులు ప్రభుత్వానికో, ఒప్పందం ఉన్న ఏదో ఒక మత సంస్థకో వెళ్తాయి. మనం అదనంగా కట్టేదేమీ లేదు. సంతకం చేయనివాళ్ళ వాటానూ చేసినవాళ్ళ లెక్క ప్రకారమే పంచుతారు. అందుకే కాథలిక్ చర్చికి ఏటా దాదాపు వంద కోట్ల యూరోలు చేరతాయి. హిందువులతో ఒప్పందానికి 2012 చివర్లో చట్టం వచ్చింది. ఆ రాత్రి ఫోన్లో చెబితే నాన్న నమ్మలేదు. "మన హుండీ డబ్బుల లెక్క దేవాదాయ శాఖ చూస్తుంది. అక్కడ ప్రభుత్వమే గుడికి డబ్బులిస్తోందా?" అన్నాడు.

మా అమ్మాయి క్లాసులో గోడకు శిలువ ఉంది. ఇక్కడికొచ్చిన కొత్తలో మన స్నేహితులు కొందరు దాని మీద గొడవపడేవాళ్ళు. వాటికన్‌తో కుదిరిన 1984 ఒప్పందంతో కాథలిక్ మతం రాజ్యమతం కాకుండా పోయింది, శిలువ మాత్రం బడి గోడ మీదే ఉంది. ఒక తల్లి దాన్ని తీసేయాలని స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళి 2009లో గెలిచింది. 2011లో అదే కోర్టులో పెద్ద ధర్మాసనం ఆ తీర్పును కొట్టేసి, శిలువ ఉంచుకోవచ్చంది. నాకైతే ఏనాడూ ఇబ్బంది అనిపించలేదు. గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో చదువుకున్నవాణ్ణి, శిలువ నాకు కొత్తా?

నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆ ఫారమే. ఇంటికొచ్చి నింపాదిగా చదివితే అందులో బౌద్ధులున్నారు, యూదులున్నారు, మేమున్నాం. ముస్లింలు లేరు. ఇటలీలో మాకంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది ఉన్నా వాళ్ళతో ఒప్పందమే లేదు. నా పక్క సీట్లో కూర్చునే మొరాకో అతను నాలాగే పన్ను కడతాడు. ఏ గడిలో సంతకం చేయాలి?

సిక్కులకూ లేదు. ఇది మరీ మింగుడుపడలేదు. మా చుట్టుపక్కల పశువుల కొట్టాల్లో పాలు పితికేది చాలావరకు పంజాబీలే. పర్మెజాన్ జున్నుకు రెండు పూటలా పాలు కావాలి, ఆదివారమైనా క్రిస్మస్ అయినా సరే. తెల్లారకముందే తలపాగా మీదకి జాకెట్ టోపీ లాక్కుని సైకిల్ మీద పోయేవాళ్ళను పొలాల దారిలో చూస్తుంటాను. దగ్గర్లోని నొవెల్లారా ఊళ్ళో వాళ్ళ గురుద్వారా 2000 నుంచీ ఉంది. నేను ఆ సంతకం చేసిన జూన్‌లోనే రోమ్‌కు దక్షిణాన లాతీనా దగ్గర పొలంలో సత్నామ్ సింగ్ చెయ్యి యంత్రంలో పడి తెగింది. ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఇంటి ముందు దింపి పోయారు. తెగిన చెయ్యి పండ్ల ట్రేలో పెట్టి. రెండు రోజులకు చనిపోయాడు, కాంట్రాక్టు కాగితం కూడా లేని కూలీ.

మనిషిగా ఇటాలియన్లలో ఒక్కరితోనూ నాకు పేచీ లేదు. కౌంటర్లో ఆవిడ లాంటివాళ్ళు వీధికొకరు ఉన్నారు. ఓటు దగ్గరికొచ్చేసరికి ఏమవుతుందో నాకు అర్థం కాదు. పౌరసత్వానికి పదేళ్ళ నివాసం చాలా ఎక్కువ, ఐదేళ్ళు చేద్దామని 2025 జూన్‌లో రెఫరెండం పెట్టారు. చెల్లాలంటే సగానికి మించి ఓటర్లు రావాలి. వచ్చింది దాదాపు 30 శాతం. ప్రధాని మెలోని పోలింగ్ కేంద్రం దాకా వెళ్ళి బ్యాలెట్ తీసుకోకుండా తిరిగొచ్చారు. వద్దని ఓటేసి ఉంటే వాళ్ళ అభిప్రాయం అనుకునేవాణ్ణి. అసలు రాకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మర్నాడు ఆఫీసులో ఆ ఊసెత్తినవాళ్ళు లేరు. నేనే ఎత్తాను. "అరె, అది నిన్ననా?" అన్నారొకరు, మనసులో ఏ చెడూ లేకుండా.