ఇంటి సౌండ్ సిస్టమ్ కేబుళ్లు: కొలిచి, గీకి, తగిలించి చూసిన మూడు వారాలు

మొదటి రోజు

ఈసారి ఒక్క కేబుల్ కూడా కొనకముందే పురికొస చేతిలోకి తీసుకున్నాను. కిందటిసారి కంటి అంచనాతో కొన్న స్పీకర్ వైరు కుడివైపు అర మీటరు తక్కువైంది. అతుకు వేసి నెట్టుకొచ్చాను గానీ, ఆ అతుకు వదులైనప్పుడల్లా కుడి స్పీకరు మూగబోయేది. అందుకే యాంప్లిఫయర్ వెనక నుంచి గోడ అంచు వెంబడి, తలుపు చట్రం చుట్టూ తిప్పి, ఒక్కో స్పీకరు దాకా పురికొస పరిచి, తర్వాత దాన్ని టేపుతో కొలిచాను. ఎడమ ముందు స్పీకరుకు 4 మీటర్లు, కుడి ముందుకు 7, వెనక రెండింటికి 11, 13. లోతైన బేస్ పలికే సబ్‌వూఫర్‌కు 5. టీవీకి 6. ప్రతిదానికీ మరో అర మీటరు కలిపాను. యాంప్లిఫయర్‌ను ముందుకు లాగి వెనక చెయ్యి పెట్టాలంటే ఆ మాత్రం వదులు ఉండాల్సిందే.

ఈ కొలతలు రాసుకున్న కాగితం మీదే ప్రతి వైరు పక్కన అది మోయాల్సిన పని రాశాను. సినిమాల ప్లేయర్ ఏం పంపుతుంది, గేమ్ కన్సోల్ ఏం పంపుతుంది, ఒక్కో స్పీకరు ఎన్ని ఓంలు (కరెంటుకు ఎంత నిరోధమో చెప్పే కొలత). దూరం, పని, ఈ రెండూ తెలిస్తే డబ్బా మీది మెరుపు మాటలు చదవాల్సిన అవసరం దాదాపు పోతుంది.

మూడో రోజు: అలమరలోని వైరు చుట్ట

స్పీకర్ వైరు చుట్ట ఒకటి, 30 మీటర్లది, ఎప్పటినుంచో అలమరలో ఉంది. పైన 1.5 చదరపు మిల్లీమీటర్లు అని ముద్ర. చేత్తో ఎత్తితే అంత పొడవు వైరుకు ఉండాల్సిన బరువు లేదనిపించింది. చివర ఒలిచి, ఒక్క పోగును బల్ల మీద పెట్టి బ్లేడుతో మెల్లగా గీకాను. పైన రాగి రంగు పొరలా లేచి, కింద వెండిలా తెల్లగా కనబడింది. అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైరు అది. అసలు రాగి అయితే ఎంత గీకినా లోపలిదాకా అదే ఎరుపు. అదే పోగును వేళ్ల మధ్య అటూ ఇటూ కొన్నిసార్లు వంచితే పుటుక్కున తెగింది కూడా.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్ని మంచి రాగి వైర్లలో ఒక వైపు పోగులకు తగరం పూత ఉంటుంది, ప్లస్ మైనస్ గుర్తుపట్టడానికి. అవి పైకి వెండిలా కనిపిస్తాయి, గీకితే లోపల ఎరుపు వస్తుంది. రంగు చూసి తీర్పు చెప్పకుండా గీకి చూడండి.

అంతటితో వదలబుద్ధి కాలేదు. చుట్ట ఒక చివర రెండు తీగల్నీ మెలివేసి కలిపి, రెండో చివర మల్టీమీటర్ పెట్టాను. 30 మీటర్లు వెళ్లి 30 మీటర్లు తిరిగి రావాలి కాబట్టి మొత్తం 60. మీటరు 1.4 ఓంలు చూపించింది. మీటరు పిన్నులు రెండూ ఒకదానికొకటి ఆనిస్తే 0.3. అది తీసేస్తే 1.1. నిజమైన రాగి, నిజమైన 1.5 మందం అయితే 0.7 దగ్గర ఉండాలి. చుట్ట ఎంత పెద్దదైతే ఈ పరీక్ష అంత నమ్మకంగా వస్తుంది. రెండు మూడు మీటర్ల ముక్క మీద మామూలు మల్టీమీటర్ ఏమీ తేల్చలేదు.

నాలుగో రోజు: లెక్క

స్పీకర్ వైరుకు నేను పాటించే కొలత ఒక్కటే: పోను రాను కలిపి వైరు నిరోధం స్పీకరు ఓంలలో 5 శాతం దాటకూడదు. నా ముందు స్పీకర్లు 6 ఓంలు, అంటే హద్దు 0.3. వెనకవి 8 ఓంలు, హద్దు 0.4.

1.5 మందం రాగి వైరు మీటరుకు సుమారు 0.0115 ఓం. అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక స్పీకరుకు 13.5 మీటర్లు, పోను రాను 27. గుణిస్తే 0.31 వచ్చింది. హద్దులోపే. కుడి ముందుదానికి 15 మీటర్లకు 0.17. అదీ హద్దులోపే. అంటే 2.5 మందం వైరు కొనాల్సిన పనే లేదు. దాదాపు అదే కొనబోయాను, లావు వైరైతే బేస్ బాగుంటుందని అందరూ అంటారు కదా అని. అదే దూరానికి అలమరలోని వైరు వాడితే 0.49 వస్తుంది, హద్దు దాటేసినట్టే. ముందు స్పీకర్లు రెండిటికీ మాత్రం లెక్క ప్రకారం అదీ సరిపోతుంది. అయినా వాడలేదు. ముందు ఒకటి, వెనక ఒకటి పెట్టడం నాకు నచ్చదు. పైగా స్క్రూ కింద బిగించిన చోట అల్యూమినియం పోగులు తెగుతాయేమోనన్న భయం ఉంటుంది.

ఓఎఫ్‌సీ (ఆక్సిజన్ తీసేసిన రాగి) అనే అక్షరాల కోసం అదనంగా ఖర్చు పెట్టకండి. మామూలు ఎలక్ట్రికల్ రాగికీ ఆక్సిజన్ తీసేసిన రాగికీ కరెంటు ప్రవహించడంలో తేడా లేదన్నంత తక్కువ. ఆ అక్షరాలు లోపల అల్యూమినియం లేదని చెప్పడానికి పనికొస్తాయి, అంతే. ఇంటి పరికరాలకు వాడే రెండు తీగల రాగి ఫ్లెక్సిబుల్ వైరు కూడా స్పీకరుకు చక్కగా పనిచేస్తుంది. రెండు తీగలకూ తేడా తెలిసే గుర్తు ఉంటే చాలు. నేను చివరికి కొన్నది అదే, 40 మీటర్లు.

రెండో వారం: హెచ్‌డీఎంఐ

బొమ్మనూ ధ్వనినీ కలిపి టీవీకి మోసే 6 మీటర్ల పాత హెచ్‌డీఎంఐ కేబుల్ చాలాకాలంగా విసిగిస్తోంది. సినిమా బాగానే వస్తుంది, గేమ్ పెట్టగానే తెరంతా తెల్లని చుక్కలు మెరుస్తాయి, మధ్యలో రెండు సెకన్లు నల్లగా అయిపోతుంది. కన్సోల్ సెట్టింగుల్లో సెకనుకు 60 ఫ్రేముల్ని 30కి తగ్గించాను. చుక్కలు పూర్తిగా పోయాయి. టీవీలో లోపమేమీ లేదు, అంత వేగాన్ని ఆ కేబుల్ మోయలేకపోతోంది. కొత్తది కొనే ముందు మీరూ ఈ పరీక్ష చేసి చూడండి.

అంకెలు ఇవి, గిగాబిట్లన్నీ సెకనుకు లెక్క. 4కే సినిమా డిస్కు సెకనుకు 24 ఫ్రేములే కాబట్టి 10.2 గిగాబిట్ల హైస్పీడ్ కేబుల్‌లోనే పట్టేస్తుంది. రంగుల్ని కుదించకుండా 4కే 60 ఫ్రేములు కావాలంటే 18 గిగాబిట్లు, అది ప్రీమియం హైస్పీడ్. 120 ఫ్రేముల గేములకు 48 గిగాబిట్ల అల్ట్రా హైస్పీడ్. డబ్బా మీద 2.0, 2.1 అని వెర్షన్ నంబరు వేసి అమ్మేవాటిని నేను పక్కన పెట్టేస్తాను. ఆ నంబర్లు పరికరాలవి, కేబుల్‌కు ఉండాల్సింది ఈ వర్గం పేరు. ప్రీమియం, అల్ట్రా రెండిటికీ ఫోన్‌తో స్కాన్ చేసి చూసుకునే ధ్రువీకరణ లేబుల్ ఉంటుంది. దాని కోసం కొంచెం ఎక్కువ పెట్టడం నాకు సమ్మతమే. బంగారు పూత తుప్పు పట్టకుండా కాపాడుతుంది గానీ బొమ్మకు రంగు పెంచదు. డిజిటల్ సిగ్నల్ చేరిందంటే ఖరీదైన కేబుల్‌లోనూ చౌకదాంట్లోనూ చేరింది ఒకటే. చేరకపోతే నేను చూసినట్టు చుక్కలు, నల్ల తెర.

చిక్కంతా దూరంతోనే. 48 గిగాబిట్ల మామూలు రాగి కేబుల్ 5 మీటర్లు దాటితే నమ్మలేం, నాకు కావాల్సింది ఆరున్నర. లోపల ఫైబర్ ఉండే యాక్టివ్ కేబుల్ ఒక దారి. అది ఒక దిక్కుకే పనిచేస్తుంది, ఏ చివర టీవీకో దాని మీదే రాసి ఉంటుంది. గోడలోని పైపులో తిరగేసి లాగితే మళ్లీ మొత్తం బయటికి తీయాల్సిందే. పైగా టీవీ ధ్వనిని అదే హెచ్‌డీఎంఐ కేబుల్ మీద యాంప్లిఫయర్‌కు వెనక్కి పంపే ఈ-ఆర్క్‌ను అన్నీ మోయవు.

రెండు రోజులు ఆలోచించి వైర్ల దారే మార్చాను. గేమ్ కన్సోల్‌ను టీవీ కిందికి తెచ్చి, ఒకటిన్నర మీటరు అల్ట్రా కేబుల్‌తో నేరుగా టీవీకే పెట్టాను. ధ్వని టీవీ నుంచి యాంప్లిఫయర్‌కు ఈ-ఆర్క్ మీద వెనక్కి వస్తుంది. దానికి సెకనుకు 37 మెగాబిట్లు మించి అక్కర్లేదు, గిగాబిట్ల ప్రసక్తే లేదు. కాబట్టి పొడుగు కేబుల్ ప్రీమియం హైస్పీడ్‌దే తీసుకున్నాను. సినిమాల ప్లేయర్ యాంప్లిఫయర్ దగ్గరే ఉంది, దాని బొమ్మ కూడా ఇదే కేబుల్ మీద టీవీకి వెళ్తుంది. చుక్కలు లేవు. టీవీ ధ్వని సెట్టింగుల్లో ఈ-ఆర్క్‌ను విడిగా ఆన్ చేయాలన్నది మాత్రం అరగంట వెతికితే తెలిసింది.

ధ్వనిని కాంతిగా పంపే పాత ఆప్టికల్ కేబుల్‌కు అలా సెలవిచ్చాను. 1983లో తోషిబా తన సీడీ ప్లేయర్ల కోసం తెచ్చిన పద్ధతి అది. స్టీరియో, కుదించిన 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) దాకా ఇప్పటికీ బాగా పనిచేస్తుంది, అంతకు మించి పట్టదు. ఈ-ఆర్క్ లేని టీవీ అయితే నేను అదే వాడతాను. చివర్ల మీది చిన్న ప్లాస్టిక్ టోపీలు తీయడం మరవకండి, వైరును మడత పడేలా వంచకండి.

మూడో వారం: బిగింపు, హమ్

స్పీకర్ వైరు చివరలు ఒలిచేటప్పుడు ఒక్క పోగు విడిపోయి పక్క టెర్మినల్‌కు తగిలినా యాంప్లిఫయర్‌కు ప్రమాదం. పోగులన్నీ గట్టిగా మెలివేసి, టెర్మినల్‌లో గుచ్చడానికి వైరు చివర స్క్రూతో బిగించే బనానా ప్లగ్గులు పెట్టాను, టార్చి వేసి ఒక్కొక్కటీ చూశాను. ప్లస్ మైనస్ ఒక స్పీకరుకు తారుమారైతే పాట వస్తుంది గానీ బేస్ పలచబడిపోతుంది. అనుమానమొస్తే యాంప్లిఫయర్ వైపు చివర తీసి, ఒకటిన్నర వోల్టు బ్యాటరీని క్షణం ఆనించండి. ప్లస్‌కు ప్లస్ తగిలితే మామూలుగా వూఫర్ కోన్ ముందుకు వస్తుంది.

సబ్‌వూఫర్‌కు షీల్డు ఉన్న మామూలు ఆర్‌సీఏ కేబుల్. పెట్టగానే గుయ్‌మని ఒకటే మోత. పవర్ వైర్లకు సమాంతరంగా రెండు మీటర్లు వెళ్తోందని గమనించి దూరం జరిపాను, దాటక తప్పని ఒక్క చోట అడ్డంగా దాటించాను. మోత సగం తగ్గింది. తర్వాత ఒక్కో కేబుల్ పీకుతూ వెళ్తే, టీవీ వెనక కేబుల్ ప్రసారాల వైరు తీయగానే నిశ్శబ్దం. ఎర్త్ రెండు దారుల్లో కలిసి లూప్ అయింది. సబ్‌వూఫర్ ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేస్తే మోత పోతుందని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ప్రాణానికి ముప్పు, ఆ పని మాత్రం చేయొద్దు. ప్రసారాల వైరు మధ్యలో ఆ ఎర్త్ దారిని తెంచే చిన్న ఐసోలేటర్ పెట్టాను. ఇప్పుడు చెవి ఆనించి వింటే తప్ప ఏమీ లేదు.

ప్రతి కేబుల్‌కు రెండు చివర్లా పేరు రాసిన చీటీ అంటించాను. వెనక ఎడమ వైరు తలుపు దగ్గర ఇంకా టేపు మీదే ఉంది. దానికి పట్టీ వచ్చే వారం.