నాయనమ్మ పట్టుచీర, తాతయ్య కాగితాలు: గోడ కొలాజ్ పని ఎంతవరకు వచ్చిందంటే

ఒడిశాలోని బరంపురంలో మా ఇంటి ముందుగది గోడ చాలాకాలంగా బోసిగా ఉంది. ఈ వేసవిలో ట్రంకుపెట్టె సర్దుతుంటే నాయనమ్మ పెళ్లి పట్టుచీర బయటపడింది. మడతల వెంట చిరిగిపోయింది కానీ గుడి గోపురాల వరసలా నేసే ఫొడా కుంభ అంచు చెక్కుచెదరలేదు. దాని కింద తాతయ్య దాచిన కాగితాల కట్ట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే ముత్తాత స్టాంపు కాగితం మీద తెలుగు, నాన్న బడి సర్టిఫికెట్ మీద ఒడియా. ఇవన్నీ ఒకే పలక మీద అతికించే కొలాజ్‌లో రెండు లిపులూ ఆ అంచు పక్కనే గోడ మీద కనబడాలి, నాకు కావలసింది అదే.

మొదటి వారం

ప్లైవుడ్ షాపులో 6 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసే) పలక తెచ్చాను. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు, బరువు రెండున్నర కిలోల దాకా ఉంది. నీళ్లు కలిపిన ఫెవికాల్ ముందువైపుతో పాటు వెనకవైపు కూడా పూశాను. ఒక్క వైపే పూస్తే తడికి ఆ వైపు ఉబ్బి, ఆరేటప్పుడు పలక వంగిపోతుంది. అంచులకు రెండుసార్లు పూశాను, ఎండీఎఫ్ తేమ పీల్చేది అక్కడే ఎక్కువ.

అసలు కాగితాలు అంటించలేదు. అన్నిటికీ లేజర్ జిరాక్సులు తీయించాను. ఇంక్‌జెట్ ప్రింటైతే జిగురు తడి తగలగానే రంగు కారిపోతుంది. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో నాయనమ్మ నిలబడ్డ ఫొటోకీ అలాగే కాపీ తీయించాను.

రెండో, మూడో వారం

ఎక్కువ టైమ్ తిన్నది పట్టే. పల్చటి ఫెవికాల్ రాసి ఒక ముక్క అంటించాను. పది నిమిషాల్లో జిగురు పైకి ఊరి, మెరుపు పోయి, నూనె మరకలా నల్లబడింది. అది నాయనమ్మ కొంగు ముక్క. ఆ రోజు ఇంకేమీ ముట్టుకోలేదు.

మా మేనత్త చూసి, “దర్జీ కాలర్‌లో పెట్టే ఫ్యూజింగ్ గుడ్డ వేయవే, అమ్మాయ్” అంది. దాన్ని పట్టు వెనక పెట్టి, పైన పల్చటి నూలుగుడ్డ పరిచి, తక్కువ వేడితో ఇస్త్రీ చేశాను. చిరుగులు కదలకుండా నిలిచాయి, కత్తిరిస్తే పోగులు ఊడలేదు. ఆ తర్వాత నీళ్లు కలపని చిక్కటి ఫెవికాల్ బ్రష్‌తో పల్చగా రాసి, పైన బటర్ పేపర్, దాని మీద బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేశాను. మరక పడలేదు. అంచు మొత్తం అలాగే అంటించాను.

కాగితాలకు మైదా జిగురే వాడాను. కప్పు మైదాకు ఐదు కప్పుల నీళ్లు, గంజిలా కాచి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. అది విషం, అందుకని పాత గిన్నె వేరుగా పెట్టుకుని, చేతులకు గ్లౌజులు వేసుకున్నాను. జిగురు పూసిన కాగితాన్ని రెండు నిమిషాలు నాననిచ్చి అంటిస్తే ముడతలు పడవు. తడికి కాగితం సాగే పని ముందే అయిపోతుంది.

నాలుగో వారం

గోపాలపూర్ తీరంలో ఏరిన చిన్న గవ్వలు ఫొటో కింద వరసగా పెట్టాలనుకున్నాను. ముందు రెండు రోజులు మంచినీళ్లు మారుస్తూ నానబెట్టాను. ఉప్పు మిగిలితే గాలిలో తేమ లాగి జిగురు వదులవుతుంది. గవ్వలకు ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) పెట్టాను, ఫెవికాల్ చాలదు.

లేఅవుట్ మూడుసార్లు మార్చాను. మొదట తెలుగు ఎడమ పక్క, ఒడియా కుడి పక్క పెట్టి మధ్యలో అంచు వేస్తే సరిహద్దు గీతలా అనిపించింది, నచ్చలేదు. ఇప్పుడు అంచు కిందనుంచి ఏటవాలుగా పైకి వెళ్తుంది, కాగితాలు దాని మీదకీ కిందకీ జరిగి ఒకదానిలో ఒకటి కలిశాయి. రెండు లిపుల గుండ్రటి అక్షరాలు దూరంనుంచి ఒకే నేతలా కనబడుతున్నాయి. నాకు చాలా సంతోషం కలిగింది.

మిగిలినవి

వానలు తగ్గిన పొడి రోజున నీటి ఆధారిత మ్యాట్ వార్నిష్ రెండు పూతలు వేయాలి, పట్టు ఉన్న చోట మాత్రం వదిలేస్తాను. వెనక నాలుగు మూలలా రబ్బరు బుడిపెలు పెడితే గోడకీ పలకకీ మధ్య గాలి ఆడుతుంది, చెమ్మ పట్టదు. ఎండ నేరుగా పడని తూర్పు గోడకు రెండు ప్లగ్గులు వేసి స్క్రూలు బిగిస్తాను. పైన కుడి మూల ఇంకా ఖాళీగా ఉంది. అమ్మ తన పెళ్లిపత్రిక వెతుకుతోంది, ఒకవైపు తెలుగు, మరోవైపు ఒడియా అచ్చేసినది.